ఏడాకుల పాల పూసిందంటే మా ఇంట్లో తుమ్ములు మొదలు. చెట్టు కొట్టించాలా, మందులు మింగాలా?

పెదవాల్తేరు_పద్మ
వైజాగ్‌లో మా అపార్ట్‌మెంట్ గేటు ముందు రెండు ఏడాకుల పాల చెట్లున్నాయి. హుద్‌హుద్ తుపాను తర్వాత నాటినవే, ఇప్పుడు మూడో అంతస్తు దాకా వచ్చేశాయి. దసరా వెళ్లిందంటే చాలు, పొద్దుగూకాక ఆ వాసన కిటికీలోంచి గుప్పుమని కొడుతుంది. అక్కడి నుంచి మావారికి, మా చిన్నోడికి తుమ్ములే తుమ్ములు. ఒకటీ రెండూ కాదు, కళ్లలోంచి నీళ్లు కారేదాకా వరసగా. పిల్లాడైతే అరచేత్తో ముక్కుని కింద నుంచి పైకి రుద్దీ రుద్దీ ముక్కు మీద అడ్డంగా ఒక గీత పడిపోయింది. జ్వరం లేదు, గొంతునొప్పి లేదు. మెడికల్ షాపులో ఇచ్చిన బిళ్ల వేస్తే తగ్గుతుంది, మానేస్తే మళ్లీ మొదలు. సంక్రాంతి దాకా ఇదే వరస. అసోసియేషన్‌లో సగం మంది చెట్లు కొట్టించేద్దాం అంటున్నారు, మిగతా సగం నీడ పోతుందని గొడవ. ఇది నిజంగా ఆ చెట్టు పుప్పొడి వల్లేనా? కొట్టిస్తే తగ్గుతుందా?

బీచ్‌రోడ్_బాబు
కొట్టించేయండి, ఇందులో ఆలోచించేదేముంది. మా వీధిలో వరసగా ఇవే చెట్లు. నవంబర్‌లో సాయంత్రం వాకింగ్ అంటేనే భయం. తలనొప్పి, ముక్కు దిబ్బడ, మా అమ్మకైతే ఆయాసం కూడా. త్వరగా పెరుగుతుంది, నీడ ఇస్తుంది అని ఊరంతా నాటేశారు, వాసన పీల్చేది మనం.

ఉక్కునగరం_సూరి
మా క్వార్టర్స్ దగ్గరా ఉన్నాయి, మాకెవరికీ ఏమీ లేదే. మా ఆఫీసులో ఒక బెంగాలీ ఆయన ఉన్నాడు, ఈ వాసన తగలగానే దుర్గా పూజ వచ్చేసిందని పొంగిపోతాడు. వాళ్ల రాష్ట్ర వృక్షం ఇదే అట. ఆయన కావాలని చెట్టు కింద నిలబడి టీ తాగుతాడు, పక్కన నిలబడ్డవాడు తుమ్ముతుంటాడు.

బీచ్‌రోడ్_బాబు
ఆ బెంగాలీ ఆయన్ని మా వీధికి పంపండి సూరి గారూ, అద్దె లేకుండా ఇల్లిస్తాం.

నిద్రగన్నేరు
కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను కాబట్టి ఈ చెట్టు తరఫున రెండు మాటలు. చెట్లు పుప్పొడిని పంపించే దారులు ప్రధానంగా రెండు. గాలిని నమ్ముకున్నవి కొన్ని, పురుగుల్ని నమ్ముకున్నవి కొన్ని. పురుగుల్ని పిలవాలంటే వాసన కావాలి, రంగు కావాలి, తేనె కావాలి. ఏడాకుల పాల ఆ బాపతు, రాత్రి పూట చిమ్మటల్ని పిలుచుకోవడానికే ఆ ఘాటు. ఇలాంటి పూల పుప్పొడి జిగటగా, బరువుగా ఉంటుంది, గాలిలో ఎక్కువ దూరం పోదు. గాలిని నమ్ముకున్న చెట్టుకి పువ్వు కనపడనే కనపడదు, వాసనా ఉండదు, కానీ పొడి మాత్రం లక్షల్లో వదులుతుంది. సరుగుడు చూడండి, అది పూసిందని ఎవరైనా గమనించారా? భీమిలి వైపు ఎన్ని సరుగుడు తోటలున్నాయో మీకే తెలుసు. ముక్కుకి చేటు చేసేది ఎక్కువగా ఇలా కంటికీ ముక్కుకీ ఆనకుండా పూసేవే. ఘాటైన వాసన ఉంది కదా అని నేరం మొత్తం ఏడాకుల పాల మీద వేయడం నాకు నచ్చదు.

బీచ్‌రోడ్_బాబు
నిద్రగన్నేరు గారూ, పాఠం బాగుంది. మరి సరిగ్గా అది పూసినప్పుడే మాకు తుమ్ములెందుకు? మార్చిలో రావు, జూన్‌లో రావు, పువ్వు రాగానే వస్తాయి. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

నిద్రగన్నేరు
అదే నెలల్లో ఇంకేం జరుగుతాయో కూడా చూడాలి కదా. వానలు వెళ్లి గోడలు, పరుపులు చెమ్మ పట్టి ఉంటాయి. దీపావళి పొగ అప్పుడే. రాత్రిళ్లు చలి మొదలై దుమ్ము పైకి పోకుండా కిందే ఉండిపోతుంది. గరిక, వయ్యారిభామ లాంటివి వానలకి ఏపుగా పెరిగి పూతకొచ్చే కాలం కూడా అదే. ఇన్నిట్లో వాసన ఉన్నది ఒక్క ఏడాకుల పాలకే, కాబట్టి దొరికిపోయింది.

కూకట్‌పల్లి_కుర్రోడు
మా దగ్గర ఇదే లొల్లి కోనోకార్పస్ మీద. డివైడర్ల నిండా అదే, కంచెకి అదే, అపార్ట్‌మెంట్ గోడ పక్కన అదే. ఆకుపచ్చగా గోడలెక్క నీట్‌గ ఉంటదని పెట్టిన్రు. ఇప్పుడేమో నాటొద్దు అంటున్నరు. గుజరాత్‌ల 2023లనే బంద్ పెట్టిన్రు. మరి ఇది ఏ పార్టీ సార్, గాలి పార్టీయా పురుగు పార్టీయా?

నిద్రగన్నేరు
గాలి పార్టీ అనే అంటారు. చిన్న చిన్న గుండ్రటి కాయల్లాంటి పూగుత్తులు, వాసన లేదు, రంగు లేదు. అనుమానించాల్సిన లక్షణాలన్నీ ఉన్నాయి. ఇదే జాతి గల్ఫ్ దేశాల్లోనూ ఎక్కువ. హైదరాబాద్ వైపు ఇంకో పెద్ద మనిషి సర్కారు తుమ్మ. కోస్తాలోనూ కాలవ గట్లన్నీ అదే. తుమ్మ పుప్పొడి పడనివాళ్లు మన దేశంలో చాలామందే ఉన్నారు.

ఓరుగల్లు_77
సర్కారు తుమ్మ పేరు చెప్పి మంచిపని చేసిన్రు. అందరూ రోడ్డు పక్క అందమైన చెట్లనే తిడతరు, ఖాళీ ప్లాటుల పెరిగిన తుమ్మని ఎవ్వడూ పట్టించుకోడు.

అట్లాంటా_ఆవకాయ
నిద్రగన్నేరు గారు చెప్పిందానికి మా ఊరే ఉదాహరణ. ఇక్కడ మార్చి నెలాఖరుకి కారు మీద, మెట్ల మీద, కుక్కపిల్ల వీపు మీద కూడా పసుపు పొడి. కొత్తగా వచ్చినవాళ్లు ఎవరో పసుపు డబ్బా ఒలకబోశారనుకుంటారు. 2025 మార్చి 29న ఘనపు మీటరు గాలిలో 14,801 రేణువులు లెక్క తేలాయి. ఇక్కడి కొలత ప్రకారం 1500 దాటితేనే అత్యధికం అంటారు, అర్థం చేసుకోండి. అందరూ ఆ పసుపు పొడినే తిట్టుకుంటారు, అది పైన్ చెట్టుది. మా అలెర్జీ డాక్టర్ నవ్వి, ‘పైన్ రేణువు పెద్దది, పైన మైనం పూత, దానితో గొడవ పడేవాళ్లు తక్కువ. నీకు పడనిది ఓక్, బిర్చ్. అవి కంటికి కనపడవు’ అంది. రెండూ ఒకే రోజుల్లో ఎగురుతాయి, కనపడింది కాబట్టి పైన్ బద్నాం అయింది.

సగంసెట్రిజిన్
నా పేరులోనే ఉంది నా కథ. అలెర్జీ బిళ్ల సెట్రిజిన్ ఆఫీసుకి వెళ్లే రోజు సగం, ఇంట్లో ఉండే రోజు పూర్తి. మధ్యాహ్నం మీటింగ్‌లో కళ్లు మూతలు పడతాయి, అందుకని సగం. నిద్ర రాని బిళ్ల ఏమైనా ఉందా?

పెదవాల్తేరు_పద్మ
మావారిదీ ఇదే బాధ. లివోసెట్రిజిన్, మాంటెలుకాస్ట్ కలిసిన బిళ్ల షాపతను ఇచ్చాడు. వేసుకుని సోఫాలో కూర్చుంటే టీవీ ఆయన్ని చూస్తుంది. పిల్లాడికి అదే సిరప్ రూపంలో.

చెవిముక్కుగొంతు
పద్మ గారూ, ఈఎన్‌టీలో పనిచేస్తాను, కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి. చూడకుండా మందు రాయడం కుదరదు, విషయం మాత్రం చెబుతాను.

మీరు రాసిన లక్షణాలు, అంటే వరసగా తుమ్ములు, నీళ్లలాంటి చీమిడి, దురద, జ్వరం లేకపోవడం, ముక్కు మీద గీత, ఇవన్నీ అలెర్జీ వైపే చూపిస్తాయి. మామూలు జలుబు వారం పది రోజుల్లో సర్దుకుంటుంది, రెండు మూడు నెలలు ఉండదు. పిల్లాడి ముక్కు మీద గీత చూస్తే మేం సగం కేసు అక్కడే రాసేసుకుంటాం.

ఇక బిళ్లలు. సెట్రిజిన్, లివోసెట్రిజిన్ కొందరికి మత్తు ఇస్తాయి. ఫెక్సోఫెనాడిన్, లోరాటడిన్‌లకి మత్తు తక్కువ. పాతకాలపు అవిల్ లాంటివి వేసుకుని బండి నడపొద్దు. మాంటెలుకాస్ట్ గురించి గట్టిగానే చెబుతాను. దానివల్ల కొందరిలో పీడకలలు, చిరాకు, దిగులు, ప్రవర్తనలో మార్పు వస్తున్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో పెట్టె కట్టి మరీ హెచ్చరిక వేయించింది. ముక్కు అలెర్జీ ఒక్కదానికే అయితే వేరే మందులు పనిచేయనప్పుడే వాడమంది. మన దగ్గర మెడికల్ షాపులో చాక్లెట్ ఇచ్చినట్టు ఇచ్చేస్తున్నారు. పిల్లాడు రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడా, ఊరికే ఏడుస్తున్నాడా గమనించండి. అలా ఏదైనా ఉంటే రాసిన డాక్టర్‌కి వెంటనే చెప్పండి. అసలు డాక్టరే రాయలేదంటే, ముందు పిల్లల డాక్టర్‌కి చూపించండి.

నెలల తరబడి ముక్కు దిబ్బడ ఉండేవాళ్లకి బిళ్ల కన్నా ముక్కులో కొట్టుకునే స్టిరాయిడ్ స్ప్రే మేలు. ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ అని వస్తాయి.

బీచ్‌రోడ్_బాబు
స్టిరాయిడా! వద్దండీ బాబూ. ఒకసారి మొదలెడితే అలవాటు పడిపోతాం, ఒళ్లు ఉబ్బుతుంది.

చెవిముక్కుగొంతు
అలవాటయ్యేది వేరే స్ప్రే. దిబ్బడ నిమిషాల్లో పోగొట్టే జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ చుక్కలు ఉంటాయి చూడండి, అవి మూడు నుంచి ఐదు రోజులు దాటితే చుక్క వేయకపోతే ముక్కు తెరుచుకోని పరిస్థితి వస్తుంది. స్టిరాయిడ్ స్ప్రేలో మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, చాలావరకు ముక్కులోనే పనిచేస్తుంది. పిల్లలకి వాడేటప్పుడు ఎత్తు పెరుగుదల చూస్తూ ఉంటాం, అంతే. మీరు భయపడాల్సిన స్టిరాయిడ్ ఒకటుంది, అది ఇంజెక్షన్.

ఓరుగల్లు_77
మా ఊళ్ల ఆర్‌ఎంపీ అదే ఇస్తుండె. ఏడాదికోసారి నడుముకి ఒక సూది, మూడు నెలలు తుమ్ము లేదు. మా బాపు దేవుడసొంటి డాక్టర్ అనేటోడు. తర్వాత షుగర్ బయటపడ్డది. సూది వల్లనేనా అంటే చెప్పలేను గానీ, పట్నంల చూసిన డాక్టర్ మాత్రం ఆ సూది పేరు వినంగనే నెత్తి పట్టుకున్నడు.

చెవిముక్కుగొంతు
పట్టుకోవాల్సిందే. ఆ సూది మందు వారాల తరబడి ఒంట్లో ఉండి షుగర్, బీపీ పెంచుతుంది, ఎముకల్ని గుల్ల చేస్తుంది. ముక్కు అలెర్జీకి ఏటేటా వేయించుకునేది కాదు.

సగంసెట్రిజిన్
నేను స్ప్రే వాడాను డాక్టర్ గారూ, పనిచేయలేదు. చేదుగా గొంతులోకి దిగడం తప్ప ఏమీ లేదు. రెండు రోజులు చూసి పడేశాను.

చెవిముక్కుగొంతు
గొంతులోకి దిగిందంటే మందు ముక్కులో నిలవలేదు. కొట్టే పద్ధతి ఇది. ముక్కు ముందు చీదుకోండి. సీసా ఊపండి. తల వెనక్కి వాల్చొద్దు, చెప్పులు చూసుకుంటున్నట్టు కొంచెం ముందుకి వంచండి. కుడి ముక్కుకి ఎడమ చెయ్యి, ఎడమ ముక్కుకి కుడి చెయ్యి వాడండి. అప్పుడు మొన దానంతటదే బయటి వైపు, అంటే కంటి చివర వైపు తిరుగుతుంది. ముక్కు మధ్య గోడకి కొడితే పుండై రక్తం వస్తుంది. నొక్కి మెల్లగా గాలి పీల్చండి, నశ్యం పీల్చినట్టు గట్టిగా లాగితేనే గొంతులోకి పోయేది. రెండు రోజుల్లో ఏమీ తెలియదు. పూర్తి పని కనపడటానికి వారం, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. అందుకే ఏటా ఒకే నెలలో వచ్చేవాళ్లని ఆ సీజన్‌కి ఒకట్రెండు వారాల ముందే మొదలుపెట్టమంటాం. అంటే పద్మ గారి ఇంట్లో అయితే వినాయక నిమజ్జనాలు అయిపోయాక, దసరాకి ముందే.

సగంసెట్రిజిన్
చెయ్యి మార్చి పట్టుకోవాలని ఇన్నేళ్లలో ఒక్కడూ చెప్పలేదు. సీసా మీద బొమ్మ ఉంటుంది గానీ అది చీమ తల కన్నా చిన్నది.

చింతచిగురు
ఇన్ని మందులెందుకు, జలనేతి చేయండి. నాకు చాలా తేలికయింది. గోరువెచ్చని ఉప్పు నీళ్లు ఒక ముక్కులోంచి పోసి ఇంకో ముక్కులోంచి వదలడమే. తర్వాత రాత్రంతా హాయిగా ఊపిరి.

చెవిముక్కుగొంతు
చింతచిగురు గారు చెప్పింది నిజంగా పనికొస్తుంది, అంటుకున్న పుప్పొడి కడిగిపోతుంది. కానీ కుళాయి నీళ్లు, బోరు నీళ్లు నేరుగా వాడొద్దు. మరగకాచి చల్లార్చినవే వాడండి. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కున్న ఇద్దరు మెదడు తినే అమీబా సోకి చనిపోయారు. తాగితే ఏమీ చేయని నీళ్లే ముక్కు పైభాగానికి చేరితే ప్రమాదం. చెంబు కూడా కడిగి ఆరబెట్టాలి.

చింతచిగురు
బాబోయ్. మేం మినరల్ వాటర్ టిన్ను నీళ్లు వాడుతున్నాం. అవి సరిపోతాయా?

చెవిముక్కుగొంతు
కాచండి. ఆ టిన్ను ఎక్కడ నింపుతారో మీరు చూడలేదు, నేనూ చూడలేదు.

బీచ్‌రోడ్_బాబు
తేనె? మా పక్కింటావిడ అరకు తేనె రోజూ ఒక చెంచా తాగితే ఆ చుట్టుపక్కల పుప్పొడి ఒంటికి అలవాటవుతుందంటుంది.

నిద్రగన్నేరు
తేనెలో ఉండేది తేనెటీగ తిరిగిన పూల పుప్పొడి. మిమ్మల్ని తుమ్మించేది గాలి చెట్లది. తేనె తాగి సరుగుడుకి అలవాటు పడటం ఎలా?

బీచ్‌రోడ్_బాబు
సరే, ఉప్మాలో వేసుకుంటా.

అట్లాంటా_ఆవకాయ
ఉప్మాలో తేనె ఏంటి సామీ, అలెర్జీ కన్నా అది భయంగా ఉంది.

ఆస్టిన్_అరిసె
మా దగ్గర సీజన్ ఇంకా విడ్డూరం. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. చలికాలంలో చెట్లన్నీ నిద్రపోతాయి అనుకుంటే మౌంటెన్ సీడర్ అని ఒకటి, నిజానికి జూనిపర్ జాతి, అప్పుడే పూస్తుంది. మగ చెట్టు కొమ్మ పట్టుకుని ఊపితే పొగ లేచినట్టు పొడి లేస్తుంది, మొదటిసారి చూసి నిప్పంటుకుందనుకున్నాను. నేను చెప్పాలనుకున్నది వేరు. ఇండియాలో ఉన్నప్పుడు నాకు ఏ అలెర్జీ లేదు. ఇక్కడికొచ్చాక మొదట్లో కూడా ఏమీ లేదు, మాకు అంటదులే అని గొప్పలు పోయాం. కొన్ని సీజన్లు గడిచాక పట్టుకుంది, ఇక వదల్లేదు. కొత్త ఊరికొస్తే ఒళ్లు ముందు ఆ పుప్పొడిని గుర్తుపెట్టుకుంటుందట, తర్వాతే యుద్ధం మొదలెడుతుందట. కొత్తగా వచ్చినవాళ్లు నవ్వకండి, మీ వంతు వస్తుంది.

టోక్యో_తెలుగోడు
చెట్లు నాటి తర్వాత తల పట్టుకోవడం వైజాగ్ ఒక్కటే చేయలేదు. జపాన్‌లో యుద్ధం తర్వాత కలప కోసం కొండలన్నీ సుగి అనే దేవదారు లాంటి చెట్టుతో నింపేశారు. తర్వాత బయటి నుంచి కలప చవగ్గా రావడంతో వాటిని కొట్టేవాళ్లు లేరు. చెట్లు ముదిరి పుప్పొడి వదలడం మొదలెట్టాయి, ఇప్పుడు దేశంలో దాదాపు 40 శాతం మందికి ఆ అలెర్జీ. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా టీవీలో వాతావరణంతో పాటు పుప్పొడి సూచన కూడా చెబుతారు. ముప్ఫై ఏళ్లలో పుప్పొడిని సగానికి తగ్గిస్తామని 2023లో ప్రభుత్వం ప్రకటించింది. కొట్టడం చెప్పినంత తేలిక కాదు. పద్మ గారి గేటు ముందు రెండే కదా అనిపిస్తుంది గానీ, గాలికి మీ అపార్ట్‌మెంట్ ప్రహరీ అడ్డం కాదు.

ఇంకోటి. నేను నాలుక కింద పెట్టుకునే సుగి బిళ్ల వాడుతున్నాను, రోజూ ఒకటి, ఏళ్ల తరబడి వాడాలి. మొదట్లో నోరు దురదపెట్టేది. ఇప్పుడు మాస్కు లేకుండానే స్టేషన్‌కి నడుస్తున్నాను.

పెదవాల్తేరు_పద్మ
ఇలాంటి బిళ్ల మనకి ఏడాకుల పాలకి దొరుకుతుందా డాక్టర్ గారూ?

చెవిముక్కుగొంతు
ముందు మీకు పడనిది ఏదో తేలాలి. చర్మం మీద చుక్కలు వేసి సన్నగా గుచ్చే పరీక్ష ఉంటుంది. పావుగంట ఇరవై నిమిషాల్లో పడనిదాని దగ్గర దోమ కుట్టినట్టు దద్దురు లేస్తుంది. మన దగ్గర ప్యానెల్‌లో సర్కారు తుమ్మ, సరుగుడు, జామాయిల్, కొబ్బరి, ఆముదం, గరిక, వయ్యారిభామ లాంటి పుప్పొళ్లు, దుమ్ము పురుగు (పరుపుల్లో ఉండే, కంటికి ఆనని పురుగు), బొద్దింక, బూజు (ఫంగస్) ఉంటాయి. ఆసుపత్రిని బట్టి జాబితా మారుతుంది, మీ చుట్టూ ఉన్న చెట్లు అందులో ఉన్నాయో లేదో ముందే అడగండి. పరీక్షకి వారం ముందు నుంచి అలెర్జీ బిళ్లలు ఆపాలి, లేకపోతే ఏదీ లేవదు. ఏది ఎప్పుడు ఆపాలో వాళ్లనే అడగండి. రక్తంలో మొత్తం ఐజీఈ (అలెర్జీ ఉన్నవాళ్లలో పెరిగే యాంటీబాడీ) ఒక్కటే చేయించి ఎక్కువుంది అని భయపెడతారు, అది ఏం పడదో చెప్పదు. వెంట్రుక పంపిస్తే రెండొందల అలెర్జీలు చెబుతామనేవాళ్ల జోలికి అసలు పోవద్దు.

పరీక్ష, లక్షణాలు రెండూ కలిస్తేనే ఇమ్యునోథెరపీ, అంటే పడనిదాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే చికిత్స గురించి ఆలోచిస్తాం. ఇంజెక్షన్లయినా నాలుక కింద మందయినా మూడు నుంచి ఐదేళ్లు. ఇంజెక్షన్ చేసిన ప్రతిసారీ అరగంట అక్కడే కూర్చోవాలి, తేడా వస్తే చూసుకోవడానికి. ఆ ఓపిక లేనివాళ్లు మొదలెట్టకపోవడమే మంచిది.

బీచ్‌రోడ్_బాబు గారి అమ్మగారికి ఆయాసం అన్నారు, అది ముక్కు డాక్టర్‌తో ఆగే సంగతి కాదు. రాత్రిపూట పిల్లికూతలు, దగ్గు ఉంటే ఆస్తమా ఉందేమో చూపించండి. దీన్ని చెట్టు మీద తోసేసి ఊరుకోవద్దు.

బీచ్‌రోడ్_బాబు
రాత్రి దగ్గు ఉంది. ఈ వారమే తీసుకెళ్తాను.

అట్లాంటా_ఆవకాయ
మందులు కాక ఇంట్లో చేసేవి. పుప్పొడి ఎక్కువున్న రోజు కిటికీలు మూసే ఉంచుతాం, కారులో గాలి లోపలే తిరిగే బటన్. బయట నుంచి రాగానే బట్టలు తీసేసి, పడుకునే ముందు తలస్నానం. జుట్టులో పుప్పొడితో దిండెక్కితే రాత్రంతా దాన్నే పీలుస్తాం. వాన పడ్డాక బయటికి వెళ్తాను. ఇంకా ఒక వింత, నాకు పచ్చి ఆపిల్ కొరికితే నోరు, పెదాలు దురద. ఉడికిస్తే ఏమీ లేదు. బిర్చ్ పుప్పొడిలోని ప్రొటీను, ఆపిల్‌లోది ఒకేలా ఉంటాయట, ఒళ్లు పోల్చుకోలేదట. ఇక్కడివాళ్లలో చాలామందికి ఉంది. గొంతు బిగిసినట్టయితే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పెదవాల్తేరు_పద్మ
తలస్నానం రోజూ అంటే మావారు కోర్టుకెళ్తారు. మేం బట్టలు డాబా మీద ఆరేస్తాం, చెట్టు చిటారు కొమ్మలు అక్కడే. సాయంత్రం దాకా ఉంచేస్తాం, ఇక నుంచి మధ్యాహ్నమే తీసేస్తాను.

ఇంకో సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. దీపావళికి మా అమ్మగారి ఊరు పాలకొండ వెళ్లాం. అక్కడ ఏడాకుల పాల ఒక్కటి కూడా లేదు. మావారు అక్కడ హాయిగా ఉన్నారు, ఒక్క తుమ్ము లేదు. పిల్లాడికి మాత్రం ఇంకా ఎక్కువైంది, ముఖ్యంగా పొద్దున్నే లేవగానే. పొగ అనుకున్నాం. మరి చెట్టే కారణమైతే వాడికీ తగ్గాలి కదా?

నిద్రగన్నేరు
పడుకున్నది దేని మీద?

పెదవాల్తేరు_పద్మ
అటక మీద నుంచి దించిన పాత దూది పరుపులు. మా పెళ్లికి ముందువి.

నిద్రగన్నేరు
ఇక నేను మాట్లాడను, డాక్టర్ గారు మాట్లాడతారు.

చెవిముక్కుగొంతు
మంచి వివరం ఇచ్చారు. పొద్దున్న లేవగానే ఎక్కువ, పాత పరుపు మీద ఎక్కువ అంటే పిల్లాడి విషయంలో దుమ్ము పురుగునే ముందు అనుమానించాలి. అది చెమ్మలో పెరుగుతుంది, అందుకే వానలయ్యాక ముదురుతుంది. దుప్పట్లు, గలేబులు వారానికోసారి వేడి నీళ్లలో ఉతకండి, 60 డిగ్రీల దాకా ఉంటే పురుగు చస్తుంది. పరుపుకి, దిండుకి జిప్పు ఉన్న గట్టి కవర్లు తొడగండి. బొచ్చు బొమ్మలుంటే పక్క మీద నుంచి తీసేయండి.

మీవారికి మాత్రం ఆ వీధిలోనిదే ఏదో పడటం లేదు. ఏడాకుల పాల పుప్పొడి అందరికీ పడుతుందని నేననను. కిటికీకి మూడు అడుగుల్లో పూస్తే జిగట పుప్పొడైనా కొంత లోపలికి వస్తుంది. అలెర్జీ లేకుండా ఘాటు వాసనకే ముక్కు కారేవాళ్లూ ఉంటారు, అగరబత్తికి, సెంటుకి కారినట్టు. అలాంటివాళ్లకి పరీక్షలో ఏదీ లేవదు, సెట్రిజిన్ కూడా అంతగా పనిచేయదు. ఇద్దరికీ ఒకే సీసాలోంచి మందు పోయడం ఆపి, విడివిడిగా చూపించండి. పిల్లాడిని ముందు.

ఉక్కునగరం_సూరి
అంటే ఒకే ఇంట్లో ఇద్దరు తుమ్ముతున్నారు, ఇద్దరు దొంగలు వేరు. బాగుంది. మరి అసోసియేషన్ మీటింగ్‌లో ఏం చెబుతారు పద్మ గారూ?

పెదవాల్తేరు_పద్మ
మీటింగ్ ఆదివారం. కొట్టొద్దనే చెబుతాను, మూడో అంతస్తు కిటికీల మీదకి వచ్చిన కొమ్మలు మాత్రం మొగ్గ కట్టక ముందే తీయించమంటాను. మావారు నాకు ఎదురు ఓటు వేస్తారని ఇప్పుడే చెప్పారు.

నిద్రగన్నేరు
కొమ్మలైనా సొంతంగా కొట్టించకండి, కార్పొరేషన్‌కి అర్జీ పెట్టండి. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, అనుమతి లేకుండా చెట్టు కొడితే జరిమానా. కొమ్మ కొట్టేవాళ్లకి పాలు కళ్లలో పడకుండా చూసుకోమనండి, చాలా మండుతుంది. కొత్తగా నాటేటప్పుడైనా ఒకే జాతి వీధంతా పెట్టకుండా వేప, పొగడ, కానుగ కలిపి పెట్టమనండి.

కూకట్‌పల్లి_కుర్రోడు
పొగడ పూస్తే కూడా వాసన వస్తది కదా సార్, మళ్ల బాబన్న వస్తడు.

బీచ్‌రోడ్_బాబు
పొగడ వాసనకి నేను రాను తమ్ముడూ, ఆ పూలు ఏరుకోవడానికి వస్తాను.

లాసన్స్‌బే_లత
ఈ చర్చ మొత్తం చదివాను. మా ఇంట్లో పిల్లి ఉంది, పరుపు మీదే పడుకుంటుంది, నాకూ పొద్దున్నే తుమ్ములు. పిల్లి కూడా కారణమా? మా అమ్మాయి పిల్లిని పంపించేస్తే తనూ వెళ్లిపోతానంటోంది.

చెవిముక్కుగొంతు
అయ్యే అవకాశం బాగా ఉంది. ముందు పడకగదిలోకి రానివ్వకండి, ఆ పరీక్షలోనే పిల్లిది కూడా వేయమనండి. అమ్మాయి సంగతికి వేరే చర్చ తెరవండి.